తీగ తప్పు, పెట్టెకు శిక్ష

వైద్యశాస్త్రమున ‘నిదాన’మను మాటకు రోగకారణమును నిర్ణయించుట యని అర్థము. మాధవకరుని నిదానగ్రంథము ఆయుర్వేద విద్యార్థులకు సుపరిచితము. చికిత్స అనునది ఆ తరువాతి మాట. అదే పదము తెలుగు వాడుకలోనికి దిగివచ్చి, తొందరపాటు లేకుండుటను తెలుపునదైనది. ‘నిదానముగా నడువుము’ అనునప్పుడు ఎవరికిని రోగము తలపునకు రాదు. ఒక మాట ఇట్లు రెండు దారులుగా చీలిపోవుట భాషలో వింత కాదు గాని, ఈ రెండర్థములును కలసియుండవలసిన తావు ఒకటి కలదు. అది మోటారు బండ్ల మరమ్మతు కొట్టు. నేడు ఆ కొట్లలో రెండు విధములైన నిదానములకును కరవు ఏర్పడుచున్నది.

ఇందులకు నెల్లూరు జిల్లాలోని బోగోలు ప్రాంతమును దృష్టాంతముగా గైకొనవచ్చును. ఒక వంక బిట్రగుంట. చెన్నపట్టణమును బెజవాడను 1899లో కలిపిన రైలుమార్గముపై, ఆవిరి ఇంజనుల కాలమున, పేరుమోసిన లోకో షెడ్డు అచ్చటనే యుండెను. మరియొక వంక సముద్రము, జువ్వలదిన్నె చేపల రేవు. సమీపముననే కోల్‌కతా నుండి చెన్నైకి పోవు జాతీయ రహదారి. మరమ్మతు విద్యకు నిన్నటి రూపమును నేటి రూపమును ఒక్క మండలములోనే చూడదలచినవారికి ఇంతకంటె అనువైన చోటు దొరకుట కష్టము.

ఆవిరి ఇంజను తన రోగమును తానే చెప్పుకొనెడిది. ఆవిరి కారినచోట బుసకొట్టెడిది. బేరింగు వేడెక్కినచో కాలిన చమురు వాసన వేసెడిది. రైలుపెట్టెలను పరీక్షించువారు సుత్తితో చక్రమును తట్టి, ఆ మ్రోతను బట్టి బీట ఉన్నదో లేదో తెలిసికొనెడివారు. కుమ్మరి యొద్ద కుండను కొనునప్పుడు ఇల్లాలు వ్రేలి కణుపుతో చేయు పరీక్షయు ఇదియే. ఖలాసీగా చేరినవాడు ఏండ్ల తరబడి మేస్త్రీ వెంట తిరిగి కంటితో, చెవితో, అరచేతితో నేర్చుకొన్న విద్య యది. ఆ కాలము పోయెనని బెంగపడుటలో ప్రయోజనము లేదు. పొగయు, మసియు, కాలిన చేతులును ఆ కాలమునకు చెందినవే. ఐనను యంత్రమునకును మనిషికిని నడుమ నాడు తాళము లేదు. పుస్తకము చదువనివాని యెదుటను అది తెరచియే యుండెను.

పాతకాలపు మోటారు బండిలో విద్యుత్తు సంగతియు ఇట్లే నడచినది. మీట నొక్కినచో ప్రవాహము తీగవెంట పోయి దీపమును వెలిగించెడిది. హారను మ్రోగకున్నచో ఫ్యూజు, రిలే, తీగ, మీట, హారను, ఈ ఐదుచోట్ల వెదకిన చాలును. దోషము ఆరవ చోటికి పారిపోలేదు. కొత్త బండిలో మీట దీపమును వెలిగింపదు. వెలిగింపవలసినదని మనవి మాత్రమే చేసికొనును. ఆ మనవిని విని ఆజ్ఞ ఇచ్చు అధికారి డ్యాష్‌బోర్డు వెనుక ఒక పెట్టెలో కూర్చుండియుండును. దానికే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అని పేరు. కొట్లలో బీసీఎం అందురు. ముందు దీపములు, ఇండికేటర్లు, వైపర్లు, తలుపు తాళములు, కిటికీ అద్దములు, హారను, దొంగగంట, ఇవన్నియు దాని పాలనలోనివే. పెక్కు బండ్లలో తాళపుచెవిని గుర్తుపట్టి ఇంజనును కదలనిచ్చు అధికారమును దానికే అప్పగించినారు. ‘దేహనియంత్రణ పేటిక’ వంటి మాటను కల్పించి తెలుగు చేసితిమని సంతోషించువారు ఉందురు గాని, ఆ పిలుపునకు ఏ మెకానిక్కును తలయెత్తి చూడడు. బీసీఎం అనియే అనుకొనుట మేలు.

ఈ పెట్టె ఎందుకు పుట్టినదో కూడ చెప్పవలసియున్నది; లేనిచో దానికి అన్యాయము చేసినట్లగును. బండిలో సదుపాయములు పెరిగిన కొలదిని తీగల కట్ట లావెక్కి, ఒక్కొక్క పనికి ఒక్కొక్క తీగను లాగుట అసాధ్యమైనది. అప్పుడు జర్మనీ దేశపు బాష్ సంస్థ, బండిలోని పెట్టెలన్నియు రెండే తీగలపై ఒకదానితో నొకటి మాటలాడుకొను ఏర్పాటును 1986లో లోకమునకు వెల్లడించెను. దానికి ‘క్యాన్’ అని పేరు. 1991 నాటి మెర్సిడెస్ కారులో అది రోడ్డెక్కినది. నులక త్రాటివలె పురిపెట్టిన ఆ రెండు తీగలలో ఒకటి ఎగువ, ఒకటి దిగువ. పురిపెట్టుటలో యుక్తి యున్నది: బయటినుండి వచ్చు విద్యుత్ కల్లోలము రెండింటిపైనను సమానముగా పడును గనుక, రెండింటి నడుమ తేడా చెడకుండును, పెట్టెలు ఆ తేడానే చదువును. ఇది నిజముగా మెచ్చుకొనదగిన తెలివి.

ఇక చిక్కు ఎచ్చట మొదలగుచున్నది?

రేవునుండి చేపలను మోయు కొత్త తరహా వ్యాను ఒకటి ఉన్నదనుకొనుడు. దానిలో మంచు, మంచు కరగిన ఉప్పునీరు, పైని సముద్రపు గాలి. ఒకనాటి సాయంకాలము ఎడమవైపు ఇండికేటరు వేయగా వైపరు కదలినది. తలుపులు వాటంతటవే తాళము పడినవి. తెల్లవారునప్పటికి బ్యాటరీ చచ్చియున్నది. బండి యజమాని కొట్టునకు తీసికొనిపోయినాడు. కొట్టువాడు ఒక్క నిమిషము చూచి “బీసీఎం పోయింది” అన్నాడు. ఆ పెట్టె వేల రూపాయల వస్తువు; ఆ చిన్న వ్యాపారికి అది కొన్ని వారముల సంపాదన. అప్పుచేసి పెట్టెను మార్పించినాడు. మూడు దినములు బండి చక్కగా నడచినది. నాలుగవనాడు వైపరు మరల ఆడినది.

ఆ మూడు దినముల ఆరోగ్యమే ఈ కథలో అన్నిటికంటె మోసకరమైన భాగము. పెట్టెను మార్చునప్పుడు దానికి చేరు కనెక్టర్లను ఊడదీసి, మరల బిగింతురు. ఆ రాపిడికి లోపలి లోహపు నాలుకలపైనున్న కిలుము కొంత రాలిపోవును. నయమైనది ఆ రాపిడి వలన. కీర్తి మాత్రము కొత్త పెట్టెకు. పాత పెట్టెనే ఊడదీసి తిరిగి బిగించియున్నను అంత మేలే జరిగియుండెడిది. ఈ భ్రమ వలన మంచి పెట్టెలు ఎన్ని చెత్తకుప్పకు చేరుచున్నవో!

తుప్పు ఇనుమునకు పట్టునది. కిలుము రాగికి, ఇత్తడికి పట్టునది. మన ఇండ్లలో రాగిబిందెను చింతపండుతో తోముట తెలియని ముసలమ్మ లేదు. తీరప్రాంతపు గాలిలోని ఉప్పు, తేమతో కలసి, ఆ పచ్చని కిలుమును కనెక్టర్లలో అతిత్వరగా పుట్టించును. (కనెక్టరును మాత్రము చింతపండుతో తోమరాదు, పులుపు లోపల నిలిచి, ఉన్న లోహమును కూడ తినును. దానికి వేరు ద్రావణము దొరకును.) ఆ కిలుముకన్నను దొంగ మరియొకడున్నాడు. బండి ఇనుప శరీరమునకు బ్యాటరీ ఋణధ్రువమును కలుపు ‘ఎర్త్’ బోల్టు అది. ఉప్పునీరు కారుచోట అది తుప్పుపట్టి, చూచుటకు గట్టిగనే కనబడుచు, లోపల సందు విడిచియుండును.

ఆ సందు చేయు కీడును పదవ తరగతి విద్యార్థి లెక్కకట్టగలడు. ముందు దీపము 55 వాట్లది. 12 వోల్టుల బ్యాటరీనుండి అది ఇంచుమించు నాలుగున్నర ఆంపియర్లు గైకొనును. ఎర్త్ బోల్టు వద్ద తుప్పు వలన కేవలము అర ఓము నిరోధము ఏర్పడినదనుకొనుడు. దాదాపు 2 వోల్టులు అచ్చటనే ఆవిరియైపోవును. దీపము మసకబారుటతో ఆ కష్టము తీరదు. అదే బోల్టుపై ఆధారపడిన మాడ్యూలునకు ‘సున్న’ అనుకొన్న చోటు సున్న కాక, రెండు వోల్టుల ఎత్తున తేలియాడును. త్రాసు ముల్లే వంకరయైనప్పుడు తూకము లెట్లు సరిపోవును? ఇండికేటరునకు పోవలసిన ప్రవాహము దారి దొరకక వేరొక దీపము గుండ వెనుకకు మరలును. చూచువానికి పెట్టెకు పిచ్చి పట్టినట్లు తోచును. అత్తమీది కోపము దుత్తమీద చూపుట యన నిదియే.

కావున నిదానమునకు ఒక వరుస కలదు. మొదట బ్యాటరీ. నిండుగా నున్నది, బండి నిలిచియున్నప్పుడు 12.6 వోల్టులకు దగ్గరగా చూపవలెను. బాగుగ తగ్గినచో మాడ్యూళ్లన్నియు తప్పుడు ఫిర్యాదులు వ్రాసికొనును. తరువాత ఫ్యూజులు. తరువాత ఎర్త్: దీపములు వెలుగుచుండగా, బ్యాటరీ ఋణధ్రువమునకును బండి శరీరమునకును నడుమ మీటరు పెట్టిచూడవలెను. వోల్టులో పదవ వంతో రెండు వంతులో తేడా యున్నచో సహింపవచ్చును. అంతకు మించినచో బోల్టును విప్పి, గీకి, బిగించిన తరువాతనే తక్కిన మాట. పిమ్మట కనెక్టర్లు, అద్దము క్రిందుగా గాని ఏసీ గొట్టమునుండి గాని నీరు జారి పెట్టెపై పడుచున్నదేమో చూచుట. స్కానరును తగిలించి దోషసంకేతములను చదువుట ఈ మెట్లతో జతగా సాగవలసిన పని. స్కానరు సాక్షి వంటిది, న్యాయాధిపతి కాదు. ‘ఫలానా దీపపు వలయములో దోషము’ అని అది చెప్పును గాని, దోషము దీపమునదో, తీగదో, పెట్టెదో తేల్చిచెప్పదు. తెరపై అక్షరములు కనబడగనే విచారణ ముగిసినదనుకొను కొట్లు పెక్కు కలవు.

ఆ పురిపెట్టిన జంటతీగల పరీక్ష మరియు ముచ్చటయైనది. తీగకు రెండు కొసలయందును 120 ఓముల నిరోధములు అమర్చబడియుండును. సందేశము కొసకు తగిలి ప్రతిధ్వనివలె వెనుకకు రాకుండ అవి మ్రింగివేయును. బ్యాటరీని విడదీసి, రెండు తీగల నడుమ మీటరు పెట్టినచో 60 ఓములు కనబడవలెను. సమానములైన రెండు నిరోధములను సమాంతరముగా సంధించినచో ఫలితము సగమగునని పదవ తరగతి భౌతికశాస్త్రము చెప్పుచున్నది. 120 కనబడినచో ఒక కొస తెగియున్నది. సున్నకు దగ్గరగా కనబడినచో రెండు తీగలు ఎచ్చటనో ఒకదాని నొకటి ముట్టుకొన్నవి. వేల రూపాయల పెట్టెను కొనుటకు ముందు చేయవలసిన ఈ పరీక్షకు కొన్ని వందల రూపాయల మీటరు చాలును. కావలసిన కాలము ఐదు నిమిషములు.

ఇంతయు చేసిన పిదప దోషము నిజముగా పెట్టెదే యని తేలవచ్చును. అట్టివియు కలవు. లోపలికి నీరు దిగును; టంకము అతుకులు వేడిచలువల మార్పులకు బీటలువారును; రిలే నాలుకలు అంటుకొనిపోవును. చేయి తిరిగిన ఎలక్ట్రానిక్స్ పనివాడు ఒక్క రిలేను మార్చి పెట్టెను బ్రతికింపగల సందర్భములు అనేకములు. ఐనను కంపెనీ కొట్లలో సాధారణముగా పెట్టెను తెరువరు, మొత్తముగా మార్తురు. మార్చుటయందును క్రమము కలదు. బ్యాటరీ ఋణధ్రువమును మొదట విడదీయవలెను. ధనధ్రువమును ముందుగా విప్పుచుండగా పానా ఇనుప శరీరమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచును. గాలిసంచుల వ్యవస్థలో నిలువయున్న విద్యుత్తు దిగిపోవుటకు కొన్ని నిమిషములు ఆగవలెను. కొత్త పెట్టె పాతదానివంటి రూపముతోనే కాక అదే భాగసంఖ్యతో ఉండవలెను. అంతటితో ఐనదా యన్నచో, కాలేదు. కొత్త పెట్టెకు తానెవరో తెలియదు. ఏ బండిలో ఉన్నదో, ఆ బండికి ఏ సదుపాయములు ఉన్నవో, ఏ తాళపుచెవులు దానివో ఒక్కొక్కటిగా నేర్పవలెను. దానికి తగిన సాఫ్ట్‌వేరు, అనుమతి కావలెను. అవి లేనివాడు పెట్టెను ఎంత చక్కగా బిగించినను బండి కదలకపోవచ్చును.

తాళమిచ్చటనే పడినది.

న్యాయముగా మాటలాడినచో, ఈ కట్టుబాటు అంతయు దురాశ కాదు. తాళపుచెవిలోని చిప్పును బండి గుర్తుపట్టనిదే ఇంజను నడువకుండు ఏర్పాటును ఐరోపా దేశములు 1998 నుండి కొత్త కార్లన్నిటికిని తప్పనిసరి చేసినవి. దొంగతనములను అరికట్టుటకే అది పుట్టినది. ఎవడైనను ఒక పెట్టెను తెచ్చి తగిలించి బండిని తోలుకొనిపోగలిగినచో తాళపుచెవి యెందులకు? కాని దొంగకు అడ్డముగా కట్టిన గోడ, ఇంటివాడు పిలిచిన పనివానికి కూడ అడ్డమైనప్పుడు, దానికి వాకిలి పెట్టవలసిన బాధ్యత గోడ కట్టినవానిదే. యజమాని తన హక్కుపత్రములను చూపి, తనకు నచ్చిన మెకానిక్కుచేత, తగిన రుసుము చెల్లించి, పెట్టెను నమోదు చేయించుకొను మార్గము ఏర్పరచుట అసాధ్యమైన పని కాదు.

ఈ వివాదము మన దేశమునకు కొత్తది కాదు. విడిభాగములను, దోషములను కనుగొను పరికరములను స్వతంత్ర మెకానిక్కులకు అందనీయకుండుట అన్యాయమని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టు 25న తీర్పు చెప్పి, 14 కార్ల కంపెనీలపై సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించెను. 2016లో అప్పీలు ట్రిబ్యునల్ కొన్ని కంపెనీల జరిమానాను తగ్గించినను, తప్పు జరిగినదను భాగమును కొట్టివేయలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున 2012లో ఇదే ప్రశ్నను ప్రజల ముందు ఓటునకు పెట్టగా, నూటికి 80 మందికి పైగా మరమ్మతు హక్కు పక్షమున నిలిచిరి. 2014లో కార్ల కంపెనీలు ఆ నియమములను తక్కిన రాష్ట్రములలోను పాటించుటకు ఒడంబడినవి. మన కేంద్రప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కుపై ఒక సంఘమును నియమించి, ఆ యేడాది డిసెంబరు 24న ఒక పోర్టలును ప్రారంభించినది. వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు దాని పరిధిలోనివి. మంచిదే. కాని పోర్టలులో కంపెనీ ఫోను నంబరు దొరకుట వేరు, నమోదు సంకేతము దొరకుట వేరు.

ఒక ఆక్షేపణ వినబడుచుండును. పల్లెటూరి మెకానిక్కునకు చదువు లేదు, అతని చేతికి ఇట్టి వ్యవస్థను అప్పగించుట ప్రమాదము అని. ఆవిరి ఇంజనును, నూరేసి పౌనుల పీడనముతో బుసకొట్టు బాయిలరును, చదువు లేదనబడు ఖలాసీలే శుభ్రపరచి, బిగించి, నడిపించినారు. వారికి చదువు లేకపోవుట నిజమే. శిక్షణ మాత్రము ఉండెను. నేడు బోగోలు వంటి చోట చెట్టుక్రింద పనిచేయు కుర్రవానికి ఆ శిక్షణ ఎవరిచ్చుచున్నారు? స్కానరు తెరపై వచ్చు సంకేతమునకు వివరణ ఇంగ్లీషులో ఉండును. మరమ్మతు గ్రంథము ఇంగ్లీషులో ఉండును, అదియు అమ్మకమునకు దొరకిన యెడల. అతడు యూట్యూబులో హిందీవాని చేతులు కదలుటను చూచి నేర్చుకొనుచున్నాడు. అతనిని తప్పుపట్టువారు ముందు అతని చేతిలో ఒక తెలుగు పుస్తకమును పెట్టవలెను.

ఆ పుస్తకములో భాష ఎట్లుండవలెనను ప్రశ్నకు తెలుగు పండితులు తొందరపడరాదు. ‘మరమ్మతు’ అనునదే అరబీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా మన యింటికి వచ్చినది. ఒకప్పుడు ప్రభుత్వపు పనుల శాఖనే మరామత్తు శాఖ అనెడివారు. ఫ్యూజు, రిలే, ఎర్త్, కనెక్టరు అట్లే వచ్చి స్థిరపడినవి. వానిని వెడలగొట్టి సంస్కృత సమాసములను కూర్చుండబెట్టినచో పుస్తకము అలమారలోనే ఉండిపోవును. అదే సమయమున కిలుము, పురి, టంకము, బీట వంటి చక్కని మాటలు మనకుండగా వానిని విడిచి ఇంగ్లీషు మాటల కొరకు తడుముకొననక్కర లేదు. క్రియలు మాత్రము తెలుగువైనచో చాలును. ‘ముందు ఋణధ్రువమును విప్పుము’ అను వాక్యము ఏ భాషాపండితుని సహాయమును లేకయే కొట్టువానికి అర్థమగును.

పుస్తకము వచ్చువరకు ఉన్నత పాఠశాలలు చేయగల పని ఒకటి కలదు. పదవ తరగతిలో సమాంతర సంధానమును నల్లబల్లపై సూత్రముగా వ్రాయించి, బట్టీయము పట్టించి, పరీక్షలో మార్కులు వేయుచున్నారు. ఆ పాఠము చదివిన పిల్లలలో కొందరు రెండు మూడేండ్లకు ఐటీఐలలో, మరికొందరు నేరుగా కొట్లలో చేరుదురు. ఆ పాఠమునకును బండి క్రిందనున్న జంటతీగకును సంబంధమున్నదని వారికి ఎవరును చెప్పరు. ఊరిలోని మెకానిక్కును ఒక మధ్యాహ్నము బడికి పిలిచి, మీటరును పిల్లల చేతికిచ్చి, ఒక బండి బానెట్టు తెరపించినచో ఉపాధ్యాయునకు పోవునది ఒక పీరియడు. బ్యాటరీని విడదీసి, ఏ తీగలపై మీటరు ముల్లులు ఆనించవలెనో మెకానిక్కు చూపును. మీటరు 60 చూపినది ఎందుకో భౌతికశాస్త్రపు మాస్టారు చెప్పును.